బిడ్డ కథకుడు, మనం వంతలు



మధ్యాహ్నం భోజనాలయ్యాక కోనసీమలో ఏ ఊరికి వెళ్లినా ఈ సంగతి చూడొచ్చు. అరుగు మీద ఒక మామ్మగారు కొబ్బరాకుల నుంచి ఈనెలు తీస్తూ ఉంటారు. సాయంత్రానికి చీపురు కట్టాలి. పక్కనే రెండేళ్ల మనవడు. వాడికీ తీరిక లేదు. రాలిన ఆకు ముక్కలన్నీ ఒకచోట పోగేస్తాడు. పోగయ్యాక కాలితో తన్నేస్తాడు. మళ్లీ పోగేస్తాడు. మధ్యలో ఒక ఈనె తీసుకుని నేల మీద టకటకా కొడతాడు. ఎదురింటావిడ వచ్చి, "ఏం చేస్తున్నాడండీ మీవాడు?" అని అడుగుతుంది. మామ్మగారు తలెత్తకుండానే చెబుతారు. "ఏం చేస్తాడమ్మా, ఊరికే ఆడుకుంటన్నాడు."

ఆ పిల్లవాడు ఊరికే లేడండీ. వాడి వయసులో చెయ్యాల్సిన అసలు పని అదే. ఆ పని గురించే ఈవేళ మాట్లాడుకుందాం.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ప్రసంగం పూర్తయ్యేలోపు అదే మాట మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి. ఆరేళ్లలోపు బిడ్డ ఆటలోనే నేర్చుకుంటుంది. ఆ ఆట బిడ్డ మొదలుపెట్టాలి, పెద్దవాళ్లం అందుకోవాలి. రోజుకి అరగంట. దీనికి డబ్బు అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు.

ముందు ఆ అరుగు మీదకే వెళ్దాం. ఈనె సన్నగా ఉంటుంది కదా. గుప్పిటతో పట్టుకుంటే జారిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి తెచ్చి పట్టుకోవాలి. వాడు చాలాసార్లు జారవిడుస్తాడు. చివరికి పట్టు దొరుకుతుంది. రేపు బడిలో బలపం పట్టుకునేది ఆ రెండు వేళ్లే. ఆ వేళ్లకి బలం ఇప్పుడే వస్తోంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఈనె మొన కంటికి ప్రమాదం. మొన విరిచేసి, పొట్టి ముక్క చేసి ఇవ్వండి. పక్కన మీరుండండి.

వాడు రెండు ముక్కలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆ మాటలు వాడికింకా రావు. తేడా మాత్రం కంటికి తెలిసిపోయింది. లెక్కలు అక్కడే మొదలయ్యాయి. పోగు తన్నాడు, కూలింది. మళ్లీ పేర్చి తన్నాడు, మళ్లీ కూలింది. తంతే కూలుతుందని వాడికి ఎవరూ చెప్పలేదు. తనంతట తనే కనిపెట్టాడు. కనిపెట్టింది నిజమో కాదో అని పదిసార్లు సరిచూసుకుంటున్నాడు. మనకది అల్లరిలా కనిపిస్తుంది.

ఇలా ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తున్నప్పుడు లోపల మెదడులో ఏం జరుగుతుందో చెబుతాను. మెదడులో కణానికీ కణానికీ మధ్య దారులు పడతాయి. వాడిన దారి గట్టిపడుతుంది. వాడని దారి మూసుకుపోతుంది. పసితనంలో ఈ దారులు పడినంత వేగంగా ఆ తర్వాత ఎప్పుడూ పడవు. మన జాతీయ విద్యావిధానం 2020లో వచ్చింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరిగిపోతుందని అందులో రాశారు. అంటే బిడ్డ ఒకటో తరగతి మెట్టు ఎక్కేలోపే పని చాలావరకు అయిపోతోందన్నమాట. ఆ పని జరిగేది మన ఇళ్లలో, మన అరుగుల మీద.

వయసుని బట్టి ఆట మారుతుంది. ఎనిమిది నెలల బిడ్డ గిలక్కాయ కింద పడేస్తుంది. మీరు తీసి ఇస్తారు. మళ్లీ పడేస్తుంది. మీకు నడుం నొప్పి, బిడ్డకి ఆనందం. వదిలితే పడుతుందని, పడితే చప్పుడవుతుందని, చప్పుడైతే అమ్మ వస్తుందని ఆ ఒక్క ఆటలో మూడు పాఠాలు. ఇంకొంచెం ఎదిగాక చీర చెంగు చాటున మొహం దాచుకుని మీరు "బూ" అంటారు. బిడ్డ కిలకిలా నవ్వుతుంది. కనపడకపోయినా అమ్మ అక్కడే ఉందని అప్పుడప్పుడే తెలుస్తోంది. రెండో ఏడు వచ్చాక గిన్నెలో గిన్నె పెడుతుంది, మూత తీస్తుంది, వేస్తుంది. మూడో ఏట ఖాళీ గ్లాసు మీ నోటి దగ్గర పెట్టి కాఫీ తాగమంటుంది. ఐదో ఏడు వచ్చేసరికి ఆటకి నియమాలు పెడుతుంది. మీరు తప్పితే ఒప్పుకోదు.

ఇదంతా బిడ్డే చేస్తుంది కదా, మరి మన పనేమిటని మీరు అడగొచ్చు.

బుర్రకథ మీరందరూ చూసినవాళ్లే. మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు నిలబడతాడు. అటొకరు, ఇటొకరు వంతలు. కథ నడిపేవాడు కథకుడే. ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో అతని ఇష్టం. వంతలు తందాన అంటారు. అతను ఊపిరి తీసుకునే చోట ఒక ప్రశ్న వేస్తారు. ఒక చమత్కారం విసురుతారు. దాంతో కథ ఊపందుకుంటుంది. కానీ ఏ వంతా కథని తన చేతుల్లోకి లాక్కోడు. అలాగని చెయ్యి కట్టుకుని నిలబడనూ నిలబడడు. వంత నోరు మూసుకుంటే ఎంత గొప్ప కథకుడికైనా కథ చల్లబడిపోతుంది.

బిడ్డ ఆటలో మన చోటు అదేనండీ. బిడ్డ కథకుడు. మనం వంతలం.

ఉదాహరణకి మూడు ఇళ్లు అనుకుందాం. మూడిళ్లలోనూ రెండున్నరేళ్ల పిల్లవాడు కొబ్బరి చిప్ప నేల మీద తోస్తూ "బస్సు" అన్నాడు.

మొదటింట్లో అమ్మ ఏమంది? "బస్సు కాదు నాన్నా, చిప్ప. ఏదీ, చిప్ప అను." పిల్లవాడు చిప్ప అక్కడ పడేసి వెళ్లిపోయాడు. కథకుడి చేతిలో తంబురా లాక్కున్నాం. కథ ఆగిపోయింది.

రెండో ఇంట్లో నాన్న ఫోను చూసుకుంటున్నాడు. పిల్లవాడు "బస్సు" అన్నాడు. నాన్న "ఊఁ" అన్నాడు. పిల్లవాడు మళ్లీ "బస్సు" అన్నాడు. నాన్న మళ్లీ "ఊఁ" అన్నాడు. ఇక్కడ వంత నిద్రపోయాడు. కథ చల్లబడింది.

మూడో ఇంట్లో మామ్మగారు. ఆవిడ చేతిలో పని ఆపలేదు. తల మాత్రం తిప్పారు. "బస్సే! ఎక్కడికెళ్తందండీ బస్సు?" పిల్లవాడు ఆలోచించాడు. ఆవిడ ఆగారు, తొందరపెట్టలేదు. "అమ్మమ్మ" అన్నాడు. "అమ్మమ్మగారింటికా? రాజోలా? నేనూ వస్తాను. టిక్కెట్టెంత బాబూ?" వాడు ఒక ఆకు ముక్క తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. అది టిక్కెట్టు. "నాకు సీటేదీ?" పీట లాక్కొచ్చాడు. ఒక్క మాటతో మొదలైన ఆట పావుగంట నడిచింది. టిక్కెట్టు, సీటు, రాజోలు అనే మాటలు వాడి చెవిన పడ్డాయి. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి ఉంది. తను చెప్పే మాటకి విలువుందని వాడికి తెలిసింది.

ఆ మామ్మగారు చేసినవి చిన్న పనులే. బిడ్డ ఏం చేస్తోందో చూశారు. జవాబు కోసం ఆగారు. బిడ్డ అన్న మాటనే అందుకుని దానికి ఇంకో మాట కలిపారు. ఈ మూడింటిలో మనకి చేతకానిది ఆగడం. ప్రశ్న వేసి, జవాబు కూడా మనమే చెప్పేస్తాం. ఈసారి బిడ్డని ఏదైనా అడిగాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. పసివాళ్లకి మాట వెతుక్కోవడానికి ఆ వ్యవధి కావాలి.

మాటలు బాగానే ఉన్నాయి, రుజువేదీ అంటారా? చెబుతాను.

కరీబియన్ సముద్రంలో జమైకా అనే దీవి ఉంది. అక్కడా కొబ్బరిచెట్లే. 1986, 87 సంవత్సరాల్లో ఆ దేశ రాజధాని కింగ్‌స్టన్‌లో ఒక ప్రయత్నం జరిగింది. పేద ఇళ్లలో పుట్టి, తిండి చాలక వయసుకి తగ్గ ఎత్తు ఎదగని పిల్లలు 129 మందిని తీసుకున్నారు. అందరూ తొమ్మిది నెలల నుంచి రెండేళ్ల లోపు వాళ్లు. వాళ్లలో కొందరి ఇళ్లకి ఆరోగ్య కార్యకర్తలు వారానికొకసారి వెళ్లేవారు. ఒక గంట కూర్చునేవారు. ఇళ్లలో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలు తీసుకెళ్లేవారు. బిడ్డతో ఎలా ఆడాలో, ఆడుతూ ఎలా మాట్లాడాలో తల్లికి చూపించేవారు. రెండేళ్లు ఇలా సాగింది. అంతే.

ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. అప్పటికి వాళ్లు సంపాదించుకునే యువతీ యువకులు. చిన్నప్పుడు ఆ ఆటలు అందిన వాళ్ల సంపాదన, అందని వాళ్లకన్నా 25 శాతం ఎక్కువని తేలింది. మొదట్నుంచీ బాగా ఎదిగిన పిల్లలతో సమానంగా వచ్చేశారు. ఈ ఫలితాలు 2014లో సైన్స్ పత్రికలో వచ్చాయి. మళ్లీ చెబుతున్నాను. వారానికొక గంట. ఇంట్లో చేసిన బొమ్మలు. ఆడించింది తల్లులు. ఆ ఫలితం ఇరవై ఏళ్లు నిలిచింది.

బొమ్మల సంగతి వచ్చింది కాబట్టి మన పెరట్లోకి వెళ్దాం. కోనసీమ పెరటిని మించిన బొమ్మల కొట్టు లేదు. కొబ్బరాకుని వరసగా చుట్టి, చివర ఒక ఈనె ముక్క గుచ్చితే బూర. ఆకుని మడిచి ఈనెకి గుచ్చితే గాలిపంకా, పరుగెత్తితే తిరుగుతుంది. అదే ఆకుతో చేతి గడియారం, కళ్లజోడు. ఎండిన మట్ట మీద చెల్లిని కూర్చోబెట్టి అన్న లాగితే బండి. తాటికాయ బుర్రలకి కర్ర గుచ్చితే ఇంకో బండి. వలిచిన కొబ్బరి డొక్కలు పేరిస్తే కోట. తడి ఇసకలో చిప్ప బోర్లించి తీస్తే ఇల్లు. ఇవన్నీ మీరు ఆడినవే. మీ పిల్లలకి చూపించారా అన్నదే ప్రశ్న.

బ్యాటరీ కారు కొనివ్వడం తప్పని నేననను. కాకపోతే ఒకటి గమనించండి. మీట నొక్కితే ఆ కారే పరుగెడుతుంది, ఆ కారే పాట పాడుతుంది, ఆ కారే వెనక్కి తిరుగుతుంది. పనంతా కారే చేసేస్తే బిడ్డకి చూడడం తప్ప ఏం మిగిలింది? రెండు రోజుల్లో మొహం మొత్తి మంచం కింద పడేస్తుంది. కొబ్బరి చిప్ప ఏమీ చెయ్యదు. అందుకే దాన్ని బిడ్డ ఏమైనా చెయ్యగలదు. పొద్దున్న బస్సు, మధ్యాహ్నం గిన్నె, సాయంత్రం టోపీ.

తీర్థాలకి వెళ్తారు కదా. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, భీష్మ ఏకాదశికి అంతర్వేది. తీర్థంలో బొమ్మ కొనిపెట్టకుండా బిడ్డని ఇంటికి తేలేం. అక్కడ లక్కపిడతలు అమ్మే కొట్టు కనిపిస్తే ఆగండి. బుల్లి పొయ్యి, బుల్లి బిందె, తిరగలి, రోకలి. ఒక్క లక్కపిడతల బుట్టతో ఏడాది పొడుగునా వంట సాగుతుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరుంది. అక్కడ అంకుడు కర్రతో ఇలాంటి బొమ్మలు చేస్తారు. చెట్ల నుంచి తీసిన రంగుల్ని లక్కలో కలిపి పూస్తారు. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన గోదావరి జిల్లా దంగేరులో పుట్టిన చింతా దీక్షితులుగారు పిల్లల కోసం రాసిన పుస్తకానికి లక్కపిడతలు అనే పేరే పెట్టారు. ఆ బొమ్మలకి మన పిల్లల బతుకుల్లో అంత చోటుంది.

ఆ బుట్ట ఆడపిల్లకే కొనాలని లేదు. మగపిల్లవాణ్ణీ అన్నం వండనివ్వండి. ఆడపిల్లనీ బండి లాగనివ్వండి. పెద్దయ్యాక ఇద్దరికీ రెండూ కావాలి.

వంటాట దగ్గరే ఇంకో సంగతి చెప్పాలి. మూడేళ్లు దాటిన పిల్లలకి వేషం కట్టే ఆట ప్రాణం. మన వాళ్లు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం వెళ్తారు. ఇంటికొచ్చిన పిల్లలు మంచాన్ని పంటు చేసేస్తారు. ఒకడు నడిపేవాడు. ఒకమ్మాయి టిక్కెట్లు కొడుతుంది. మిగతావాళ్లు మోటారు సైకిళ్లు ఎక్కించి నిలబడతారు. అవతలి రేవు వచ్చేదాకా దిగకూడదు. కాలు కింద పెడితే గోదాట్లో పడ్డట్టే.

ఇందులో చదువెక్కడుందంటారా? మామూలుగా రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లవాడు ఆ మంచం మీద పదినిమిషాలు కదలకుండా నిలబడ్డాడు. దిగాలని ఉన్నా దిగలేదు. తన కోరికని తనే ఆపుకున్నాడు. మనం ఎన్నిసార్లు కసిరినా రాని నిగ్రహం ఆటలో దానంతటదే వచ్చింది. రష్యా దేశపు మానసిక శాస్త్రవేత్త లెవ్ వైగోట్స్కీ 1933లో ఆట మీద చేసిన ఉపన్యాసంలో దీన్నే వివరించారు. వేషం కట్టిన బిడ్డ ఆ వేషానికి తగ్గ నియమం పాటిస్తుంది, ఆటలో తన వయసుని మించి నడుచుకుంటుంది అన్నది ఆయన సిద్ధాంతం. వంతు వచ్చేదాకా ఆగడం, ఓడితే తట్టుకోవడం, తగువొస్తే తీర్చుకోవడం కూడా అక్కడే అబ్బుతాయి. పంటు ఆటలో మీ వంతేమిటి? ప్రయాణికుడిగా ఎక్కండి. "ఏవండీ, పంటు ఎప్పుడు కదులుతుంది?" అని అడగండి. నడపడం మాత్రం వాళ్లకే వదిలెయ్యండి.

ఇక బడి. మూడో ఏడు రాగానే పలక పట్టిస్తున్నాం. నాలుగో ఏట నోటు పుస్తకం నింపమంటున్నాం. పక్కింటి పిల్ల ఏబీసీడీలు రాసేస్తోంది, మా వాడికి రావట్లేదని తల్లులకి దిగులు. వేళ్లలో పట్టు రాకముందే పెన్సిలు పెడితే ఆ చెయ్యి నొప్పెడుతుంది. అక్షరం మీద భయం పుడుతుంది. ముందు మట్టి పిసకనివ్వండి. చపాతీ పిండి ముద్ద ఒకటి చేతికివ్వండి. చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు వంపనివ్వండి. పందిట్లో ముగ్గుపిండి జారవిడవనివ్వండి. ఆ చెయ్యి తర్వాత అక్షరాన్ని తేలిగ్గా దిద్దుతుంది.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా చదువుని ఒకే దశగా తీసుకుని, దాన్ని ఆటల మీద నడపాలని 2020 విద్యావిధానమే చెప్పింది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం నుంచే మన అంగన్‌వాడీలు వచ్చాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి బడికి ముందు చదువు చెప్పడం వాటి పనుల్లో ఒకటి. అంగన్‌వాడీ అంటే గుడ్డూ పాలూ ఇచ్చే చోటనే చాలామంది అనుకుంటారు. బిడ్డ ఇంటికి రాగానే "ఏం పెట్టారు?" అని అడుగుతాం. కాన్వెంటు పిల్లనైతే "ఏం రాయించారు?" అని అడుగుతాం. రేపట్నుంచి ఇంకో ప్రశ్న అడగండి. "ఈవేళ ఏం ఆడావమ్మా?" ఆ ప్రశ్న టీచరుగారి చెవిన పడితే ఆవిడకీ ధైర్యం వస్తుంది. పిల్లల్ని ఆడిస్తే తల్లిదండ్రులు ఏమంటారోనని భయపడే టీచర్లు ఉన్నారు మరి.

పిల్లల్ని ముందు నిలబెట్టి పెద్దలు వంత పాడడం మన రేడియోకి కొత్త కాదు. మద్రాసు రేడియో రోజుల్లోనే న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమం నడిపారు. శ్రోతలు వాళ్లని రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే పిలుచుకున్నారు. 1945లో వాళ్లు బాల అనే పత్రిక కూడా పెట్టారు. ఆ కార్యక్రమంలో పిల్లల చేతే పాడించారు, పిల్లల చేతే నాటకాలు ఆడించారు. తెలుగు పిల్లలకి మైకు అందించి, తాము వంతలుగా నిలబడ్డ పెద్దలు వాళ్లు.

ఇప్పుడు ఫోను సంగతి. అన్నం తినకపోతే ఫోను, ఏడిస్తే ఫోను, మనకి పనుంటే ఫోను. రెండేళ్లలోపు పిల్లలకి ఫోను, టీవీ అసలు వద్దని భారతీయ శిశువైద్యుల సంఘం 2021లో చెప్పింది. రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకి గంట మించకూడదు, అదీ పెద్దవాళ్లు పక్కనుండగానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో దాదాపు ఇదే చెప్పింది. ఏడాది నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలు రోజు మొత్తంలో మూడు గంటలైనా ఒళ్లు కదిపి తిరగాలని కూడా చెప్పింది. ఫోనుతో చిక్కేమిటంటే, అందులో బొమ్మ బిడ్డ మాట వినదు. బిడ్డ "బస్సు" అంటే "ఎక్కడికండీ?" అని అడగదు. తన కథ తను చెప్పుకుపోతుంది. బిడ్డ నోరు తెరిచి చూస్తూ ఉండిపోతుంది.

ఫోను విషయంలో మన ప్రాంతానికి ఒక మినహాయింపు ఉంది. కోనసీమలో ఎంతోమంది తల్లులు కువైట్‌లో, మస్కట్‌లో, దుబాయ్‌లో పనిచేస్తున్నారు. బిడ్డలు ఇక్కడ అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. ఆ తల్లి వీడియో కాల్ చేస్తే బిడ్డకి తప్పకుండా ఇవ్వండి. అక్కడ ఎదుట మనిషి ఉంది, జవాబు చెబుతుంది. గల్ఫులో ఉన్న అమ్మలకి ఒక మాట. "అన్నం తిన్నావా, బుద్ధిగా ఉన్నావా" అని అడిగితే రెండేళ్ల బిడ్డ రెండో నిమిషానికి లేచి పోతుంది. కొంగు చాటున మొహం దాచుకుని "బూ" అనండి. మీ చేతిలో స్పూను చూపించి, "నీ స్పూనేదీ?" అనండి. బిడ్డ పరుగెత్తుకెళ్లి తెస్తుంది. వేల మైళ్ల అవతల నుంచి కూడా వంత కట్టొచ్చు. అమ్మమ్మలారా, ఫోను మీరు పట్టుకోండి, బిడ్డ చేతులు ఆటకి వదలండి.

ఆడనివ్వమన్నాను కదా అని కన్ను తిప్పేయకండి. మన సీమ నీళ్ల సీమ. ఇంటి ముందు కాలువ, పెరట్లో చెరువు, ఊరి చివర గోదారి. ఐదేళ్లలోపు బిడ్డని నీటి దగ్గర ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. కాలువ గట్టున ఇల్లున్నవాళ్లు గుమ్మానికి అడ్డుతలుపు పెట్టించుకోండి, లేదా వెదురు తడిక కట్టండి. బకెట్టులో జానెడు నీళ్లు కూడా నడక వస్తున్న బిడ్డకి ప్రమాదమే. వాడుకున్నాక బోర్లించండి. కాయలు దింపే వేళ కొబ్బరిచెట్ల కింద ఆడనివ్వకండి. మూడేళ్లలోపు పిల్లలకి చింతపిక్కలు, గోళీలు, బుల్లి బ్యాటరీలు ఇవ్వకండి. నోట్లో పట్టేంత చిన్న వస్తువేదైనా గొంతుకి అడ్డం పడుతుంది. ఐదేళ్లు దాటాక అవే చింతపిక్కలతో వామనగుంటలు ఆడండి. రెండు వరసల్లో ఏడేసి గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో పిక్క వేసుకుంటూ పోతే ఎక్కాలకి ముందే లెక్క వచ్చేస్తుంది.

ఇంకొకటి. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగని బిడ్డ, రెండేళ్లు వచ్చినా రెండు మాటలు కలిపి అనని బిడ్డ, ఎవరితోనూ ఆట కలపని బిడ్డ ఉండొచ్చు. "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయిలే మాటలు" అని ఊరుకోకండి. ఆశా కార్యకర్తకో, అంగన్‌వాడీ టీచరుకో, పిల్లల డాక్టరుకో చూపించండి. ఎంత తొందరగా చూపిస్తే అంత మేలు. అలాంటి బిడ్డకి ఆట ఇంకా ఎక్కువ కావాలి, తక్కువ కాదు.

నాన్నలకి, తాతయ్యలకి కూడా ఒక మాట. ఆడించడం ఆడవాళ్ల పని అనుకోకండి. పొలం నుంచో, కొట్టు నుంచో వచ్చాక ఉప్పుమూట ఆట ఒక్కటి ఆడించండి. వీపు మీద బిడ్డని ఎక్కించుకుని, "ఉప్పోయ్ ఉప్పు" అని ఇల్లంతా ఒక చుట్టు తిరగండి. ఎవరు కొంటారో బిడ్డనే చెప్పనివ్వండి. మీ అలసట తీరుతుందని హామీ ఇవ్వను. బిడ్డ మాత్రం మర్నాడు మీ కోసం గుమ్మంలో కూర్చుంటుంది.

సెలవు తీసుకునే ముందు మొదట చెప్పిన మాట మళ్లీ చెబుతాను. ఆరేళ్లలోపు బిడ్డ ఆటలోనే నేర్చుకుంటుంది. ఆట బిడ్డ మొదలుపెట్టాలి, మనం అందుకోవాలి. రోజుకి అరగంట. ఆ అరగంట ఒక్కసారే కుదరకపోతే ముక్కలు చేసుకోండి. ఈనెలు తీసేటప్పుడు పదినిమిషాలు, స్నానం చేయించేటప్పుడు పదినిమిషాలు, రాత్రి పడుకునే ముందు పదినిమిషాలు. ఆ కాసేపూ ఫోను పక్కన పెట్టండి. ఏం ఆడాలో చెప్పకండి. బిడ్డ ఏం చేస్తోందో చూడండి, ఐదు లెక్కపెట్టి ఆగండి, ఆ తర్వాత మాట కలపండి.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో ముప్పై ఒకటో అధికరణం ఆడుకోవడం పిల్లల హక్కు అని చెబుతోంది. 1992లో మన దేశమూ దానికి ఒప్పుకుంది. సర్కారు ఇచ్చిన మాట అది. ఇంట్లో ఆ మాట నిలబెట్టాల్సింది మనం. వాయిదా వెయ్యకుండా ఈ రాత్రికే మొదలుపెట్టండి.